ఎలక్ట్రిక్ కారులో అడాప్టివ్ క్రూయిజా, మామూలు క్రూయిజా, సింగిల్ పెడలా: ఏ రోడ్డుకు ఏది మేలు?

ఒకే కారు, ఒకే వేరియంటు కొన్న ఇద్దరిని అడాప్టివ్ క్రూయిజ్ (ముందు బండిని బట్టి వేగాన్ని తానే సర్దుకునే సౌకర్యం) గురించి అడిగి చూడండి. ఒకరు అది లేకుండా హైవే ఎక్కనంటారు. ఇంకొకరు కొన్న వారానికే ఆపేశానని, ఉన్నట్టుండి బ్రేకులు వేసి వెనక బండితో గుద్దించేలా ఉందని అంటారు. ఇద్దరూ ఉన్నమాటే చెబుతున్నారు. ఆ తేడా కారుది కాదు, వాళ్లు తిరిగే రోడ్డుది. ఏ రోడ్డు మీద, ఏ సెట్టింగుతో అన్నది వదిలేసి మంచిదా చెడ్డదా అని వాదించుకుంటే ఎన్నాళ్లయినా తేలదు.

పోలిక మూడింటి మధ్య. మామూలు క్రూయిజ్‌కి 80 చెబితే 80లోనే పోతుంది, ముందు లారీ ఉందో లేదో దానికి తెలియదు. టియాగో ఈవీ, పంచ్ ఈవీ పై వేరియంట్లలో వచ్చింది ఇదే. అడాప్టివ్‌లో బంపర్ దగ్గరి రాడార్, ముందు అద్దం వెనకున్న కెమెరా ముందు బండిని గమనిస్తూ మన వేగాన్ని తగ్గిస్తాయి, పెంచుతాయి. క్రెటా ఎలక్ట్రిక్, కర్వ్ ఈవీ, హ్యారియర్ ఈవీ, మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ, బీవైడీ అట్టో 3 వంటి కార్ల పై వేరియంట్లలో అడాస్ (డ్రైవర్‌కు సాయపడే సౌకర్యాల) ప్యాకేజీతో పాటు ఇది వస్తుంది. ఇక మూడోది సింగిల్ పెడల్, అంటే ఏ క్రూయిజూ పెట్టకుండా రీజెన్‌ను (కాలు తీయగానే మోటారే వేగం తగ్గించి, ఆ శక్తిని బ్యాటరీకి పంపే ఏర్పాటును) గట్టి లెవెల్లో ఉంచుకుని ఒక్క యాక్సిలరేటర్‌తోనే నడపడం. ఈ మూడో దారి పెట్రోల్ కారులో లేదు. అందుకే పెట్రోల్, డీజిల్ కార్ల అనుభవంతో ఇచ్చే సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి.

బ్రేకు వేసే తీరులోనే అసలు తేడా

ఎలక్ట్రిక్ కారులో అడాప్టివ్ క్రూయిజ్ వేగం తగ్గించాలనుకుంటే ముందు మోటార్‌నే జనరేటర్‌లా తిప్పుతుంది. అది చాలకపోతేనే ప్యాడ్లు డిస్కును పట్టుకుంటాయి. అందువల్ల మామూలు ట్రాఫిక్‌లో తగ్గడం మెత్తగా ఉంటుంది, ప్యాడ్లూ అరగవు. ఒక్క మెలిక ఉంది. బ్యాటరీ 100 శాతం నింపుకుని బయల్దేరితే ఆ కరెంటు పోవడానికి చోటుండదు. మొదటి కొన్ని కిలోమీటర్లు రీజెన్ బలహీనంగానో, అసలు లేకుండానో ఉంటుంది. అడాప్టివ్ ఆన్‌లో ఉంటే కారు ఫుట్ బ్రేకులు వాడి ఆ లోటు పూడుస్తుంది, మీకు తేడా పెద్దగా తెలియదు. సింగిల్ పెడల్‌కి అలవాటుపడిన వాళ్లకే అసలు ఇబ్బంది. కాలు తీస్తే ఆగాల్సిన కారు ఆగకుండా జారుకుంటూ పోతుంది. కొన్ని మోడళ్లు బ్రేకులు కలిపి ఆ లోటు కనబడనీయవు, కొన్ని కలపవు. మీ కారు ఏ రకమో ఖాళీ రోడ్డు మీద ఒకసారి చూసుకోండి.

రెండో మెలిక క్రూయిజ్ ఆపే క్షణంలో ఉంటుంది. 90లో పోతూ, కాలు పక్కన పెట్టుకుని, స్టీరింగ్ మీది క్యాన్సిల్ బటన్ నొక్కారనుకోండి. రీజెన్ గట్టి లెవెల్లో ఉంటే కారు ఒక్కసారిగా పట్టేస్తుంది. లోపలున్న వాళ్లు ముందుకు ఊగుతారు, వెనక వచ్చే బస్సు డ్రైవర్ ఉలిక్కిపడతాడు. దీనికి మందు తేలిక. ముందు కాలు యాక్సిలరేటర్ మీద పెట్టి, కొద్దిగా నొక్కి, అప్పుడు క్యాన్సిల్ కొట్టి, ఆ తర్వాత కాలు నెమ్మదిగా తీయాలి. చాలామంది అడాప్టివ్ కుదుపు అని తిట్టేది నిజానికి ఈ కుదుపునే.

రీజెన్‌తో తగ్గేటప్పుడు బ్రేక్ లైటు వెలుగుతుందా అన్న అనుమానమూ ఉంటుంది. కార్ల బ్రేకుల మీద ఐక్యరాజ్యసమితి ఆర్13-హెచ్ నిబంధన ప్రకారం రీజెన్‌తో వేగం తగ్గడం ప్రతి సెకనుకూ సెకనుకు 1.3 మీటర్లు దాటితే వెనక ఎర్ర లైటు వెలగాల్సిందే. 0.7 లోపు అయితే వెలగకూడదు. మధ్యలో వెలగడం, వెలగకపోవడం కంపెనీ ఇష్టం. కాబట్టి మెల్లగా తగ్గుతున్నప్పుడు వెనకవాడికి సూచన అందకపోవచ్చు. హైవే మీద మన వెనకే అంటిపెట్టుకుని వచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి ఇది మనసులో పెట్టుకోవాల్సిన సంగతి.

ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక తీరు, విజయవాడ రోడ్డు మీద ఇంకో తీరు

158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ మీద రెండు చక్రాల బళ్లకు అనుమతి లేదు. మధ్యలో యూ టర్న్‌లు లేవు, ఎక్కడం దిగడం ఇంటర్‌ఛేంజ్‌ల దగ్గరే. రాడార్, కెమెరా ఎలాంటి రోడ్డును ఊహించుకుని తయారయ్యాయో అలాంటి రోడ్డే ఇది. ఇక్కడ అడాప్టివ్‌కు సాటి లేదు. మామూలు క్రూయిజ్ పెడితే ముందు బండి నెమ్మదించిన ప్రతిసారీ క్యాన్సిల్, రెజ్యూమ్ కొట్టుకుంటూ కూర్చోవాలి. సింగిల్ పెడల్‌తో అయితే అంతసేపూ కాలు ఒకే కోణంలో బిగబట్టి ఉంచాలి, గంటకే మడమ పట్టేస్తుంది.

అదే కారుతో విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి చౌటుప్పల్ దాటి వెళ్లండి. డివైడర్ మధ్యలో దారులు, ఊళ్ల దగ్గర రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులు, వెనక లైట్లు లేని ట్రాక్టర్ తొట్లు, ఎడమ నుంచి చప్పున దూరే ఆటోలు. అడాప్టివ్ ఇక్కడ ఎందుకు తడబడుతుందో విడివిడిగా చూడాలి.

మొదటిది, ఆగి ఉన్న బండి. 77 గిగాహెర్ట్జ్ రాడార్‌కి సైన్‌బోర్డు, రెయిలింగు, ఫ్లైఓవర్ పిల్లర్ అన్నీ కదలని వస్తువులే. ప్రతిదానికీ బ్రేకు వేస్తే నడపలేం కాబట్టి, ఎక్కువ వేగంలో ఉన్నప్పుడు కదలని వాటిని చాలావరకు పక్కన పెట్టేలా దాని ప్రోగ్రామ్ రాస్తారు. రోడ్డు మీద టైరు పంక్చరై నిలబడ్డ లారీ కూడా కదలని వస్తువే. మీ ముందు పోతున్న కారు చివరి క్షణంలో పక్కకు తప్పుకుంటే, దాని వెనకనే ఉన్న లారీ మీ కారుకు ఆలస్యంగా తెలుస్తుంది, ఒక్కోసారి తెలియకనే పోతుంది. చాలా కార్ల మాన్యువల్స్‌లో ఈ హెచ్చరిక ఉంటుంది, చదివేవాళ్లు తక్కువ. 100లో మనిషి చూసి కాలు వేసేసరికి ఒకటిన్నర సెకనులో 42 మీటర్లు, గట్టి బ్రేకుతో ఆగడానికి ఇంకో 55 మీటర్లు, మొత్తం 97 మీటర్లు పడుతుంది. 80లో అయితే 68 చాలు. రాత్రిపూట ఈ రోడ్డు మీద అడాప్టివ్ వద్దనడానికి ఈ ఒక్క కారణమే చాలు.

రెండోది, బైకు. సన్నని బండి, లేన్‌లో ఓ అంచున పోతుంది. రాడార్‌కి తిరిగొచ్చే సంకేతం చిన్నది, ఒకసారి దొరికి మళ్లీ జారిపోతుంది. డిస్‌ప్లేలో ముందు బండి గుర్తు వెలుగుతూ ఆరుతూ ఉంటే కారు దాన్ని సరిగ్గా పట్టుకోలేదని అర్థం. వెంటనే కాలు బ్రేకు మీదికి పోవాలి.

మూడోది, అందరూ ఎక్కువగా చెప్పుకునేది, గ్యాప్‌లో దూరడం. హ్యుందాయ్ మాన్యువల్ ప్రకారం 90 వేగంలో నాలుగు గ్యాప్ లెవెళ్ల (ముందు బండికి కారు ఉంచే ఖాళీ) దూరాలు నాలుగు నుంచి ఒకటి దాకా వరుసగా సుమారు 52, 40, 32, 25 మీటర్లు. నాలుగో లెవెల్ పెడితే ముందు 52 మీటర్ల ఖాళీ. మన దగ్గర అంత ఖాళీ కనబడితే ఎవరో ఒకరు దూరతారు. కారు మళ్లీ వెనక్కి తగ్గుతుంది, మళ్లీ ఇంకొకరు. విసుగొచ్చి చాలామంది ఒకటో లెవెల్‌కు, అంటే ఒక సెకను దూరానికి మార్చేస్తారు. ఆ సర్దుబాటు మాత్రం చేయకండి. ఒక సెకనులో మీరు చూసేదే ఉంటుంది, చేసేదేమీ ఉండదు. మూడులో ఉంచి వేగాన్ని 80, 85కి తగ్గించుకోవడం మేలు. ఆ వేగంలో ఎడమ లేన్ లారీల కంటే కొంచెం ముందుంటారు, దూరినవాడు తన దారిన ముందుకెళ్లిపోతాడు, కారు గట్టిగా బ్రేకు వేయాల్సిన పనే ఉండదు.

అందుకని ఈ రోడ్డుకు నా తీర్పు ఇది. పగలు, ఊళ్ల మధ్య ఖాళీ ముక్కల్లో అడాప్టివ్, మూడో గ్యాప్, 85 లోపు. ఊరు బోర్డు కనబడగానే క్యాన్సిల్. రంబుల్ స్ట్రిప్పులు, స్పీడ్ బ్రేకర్లు దానికి తెలియవు, అదే వేగంలో ఎక్కిస్తుంది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల దగ్గర కూడా ముందే ఆపేయాలి. ముందు కారు గేటు దాటి వెళ్లగానే మీ కారు దాన్ని పట్టుకోవాలని వేగం పెంచుతుంది, కింద పడబోతున్న కర్ర సంగతి దానికి పట్టదు. మామూలు క్రూయిజ్‌కి ఈ రోడ్డు మీద చోటే లేదు. తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నా దాన్ని నమ్ముకోవద్దు.

రేంజి మీద పడే ప్రభావం

అడాప్టివ్ పెడితే చార్జింగ్ తొందరగా అయిపోతుందని ఒక వర్గం, ఆదా అవుతుందని ఇంకో వర్గం. లెక్క వేసి చూద్దాం. మనుషులతో కలిపి 1,700 కిలోల కారు అనుకోండి. 100 నుంచి 60కి తగ్గితే పోయే చలనశక్తి సుమారు 117 వాట్ అవర్లు. రీజెన్‌తో మూడింట రెండొంతులు తిరిగొస్తే నష్టం 40. వంద కిలోమీటర్లలో అలా పదిసార్లు దూరినవాళ్ల కోసం తగ్గి, పెరిగినా నష్టం 400 వాట్ అవర్లు, అంటే రెండు మూడు కిలోమీటర్ల రేంజి.

ఇప్పుడు వేగం చూడండి. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది, 80 నుంచి 100కి పోతే 1.56 రెట్లు. టైర్ల రాపిడి కలిపి చూస్తే ఇంత బరువు కారుకి చక్రాల దగ్గర 80లో కిలోమీటరుకు 108 వాట్ అవర్లు, 100లో 143 దాకా పడుతుంది. వంద కిలోమీటర్లకు తేడా మూడున్నర యూనిట్లు (3,500 వాట్ అవర్లు), అంటే 20 కిలోమీటర్లకు పైనే. కాబట్టి రేంజిని తినేది క్రూయిజ్ రకం కాదు, మీరు అందులో పెట్టిన అంకె. ఆదా అయిందని చెప్పేవాళ్లు 85 పెట్టుకున్నవాళ్లు, తినేసిందని చెప్పేవాళ్లు 110 పెట్టుకున్నవాళ్లు.

ఒక చిన్న తేడా మాత్రం నిజం. ముందు బండి పక్కకు తప్పుకోగానే అడాప్టివ్ పెట్టిన వేగానికి చేరడానికి గట్టిగా లాగుతుంది. ఎకో మోడ్‌లో పెడితే చాలా కార్లలో ఈ లాగుడు మెత్తబడుతుంది. ఏటవాలు రోడ్లలో సింగిల్ పెడల్ మీద చేయి తిరిగిన డ్రైవర్ ఎక్కేటప్పుడు కొంచెం వేగం వదిలేసి, దిగేటప్పుడు తిరిగి తీసుకుంటాడు. పెట్టిన అంకెను పట్టుకుని వేళ్లాడే క్రూయిజ్‌కి ఆ తెలివి లేదు.

ఘాట్, సిటీ, వాన

తిరుమల, శ్రీశైలం, అరకు ఘాట్లలో రెండు క్రూయిజ్‌లూ ఆపేయండి. మలుపులో ముందు బండి రాడార్ చూపు నుంచి తప్పిపోతుంది, రోడ్డు ఖాళీ అనుకుని కారు మలుపులోనే వేగం పెంచుతుంది. దిగేటప్పుడు గట్టి రీజెన్‌తో సింగిల్ పెడల్ ఎంత హాయో వేరే చెప్పనక్కర్లేదు, బ్రేకులు వేడెక్కవు, బ్యాటరీ శాతం పెరుగుతుంది. ఒకే జాగ్రత్త, కొండ మీద చార్జింగ్ పెడితే 100 దాకా నింపకండి, 80, 85 దగ్గర ఆపితే దిగుడు రీజెన్‌కి చోటు మిగులుతుంది.

సిటీలో జామ్ అయితే ఆగి కదిలే సౌకర్యం ఉన్న అడాప్టివ్ కాళ్లకు విశ్రాంతే. చాలా కార్లలో ఆగి మూడు సెకన్లు దాటితే మళ్లీ కదలడానికి బటనో యాక్సిలరేటరో తాకాలి. అయితే బైకులు రెండు పక్కలా దూరే మన సిగ్నళ్ల దగ్గర సింగిల్ పెడలే నయం.

వానలో, బురదలో రాడార్ కప్పు మూసుకుపోయి క్రూయిజ్ దానంతటదే ఆగిపోవచ్చు. ఆ హెచ్చరిక బీప్‌ను వినకుండా కాలు పక్కన పెట్టుకుని కూర్చోవడం ప్రమాదం. బంపర్ ముందు గార్డు బిగించడం, రాడార్ కప్పు మీద స్టిక్కర్ వేయడం వద్దు. బంపర్ విప్పి బిగించినా, ముందు అద్దం మార్చినా రాడార్, కెమెరాల క్యాలిబ్రేషన్ (వాటి చూపును మళ్లీ సరిచేయడం) చేయించిన కాగితం అడిగి తీసుకోండి. ఒక డిగ్రీ పక్కకు జరిగిన రాడార్ 100 మీటర్ల దూరంలో దాదాపు 1.75 మీటర్లు పక్కకు చూస్తుంది, పక్క లేన్ లారీకి మీ కారు బ్రేకు వేస్తుంది.

ఉత్తుత్తి బ్రేకుల గొడవ మనకొక్కరికే కాదు. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లలో టెస్లా ఉన్నవాళ్లకు ఇది బాగా తెలుసు. 2021 మేలో ఉత్తర అమెరికా మోడల్ 3, మోడల్ వైలలో రాడార్ తీసేసి కెమెరాలతోనే నడిపించారు. కారణం లేకుండా బ్రేకులు పడుతున్నాయని 354 ఫిర్యాదులు రావడంతో 2022 ఫిబ్రవరిలో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ సుమారు 4.16 లక్షల కార్ల మీద విచారణ మొదలుపెట్టింది. అలాంటప్పుడు మామూలు క్రూయిజ్‌కి మారే వీలుండాలని అడిగే డ్రైవర్ల మాటలో న్యాయముంది. హ్యుందాయ్, కియా కార్లు చాలావాటిలో గ్యాప్ బటన్‌ను రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటే అలా మారొచ్చు. మారాక ముందు బండికి తగ్గట్టు అది తగ్గదు, ఆ సంగతి మరిచిపోకూడదు.

అడాస్ మొత్తం ఆపేసేవాళ్లకు రెండు మాటలు. స్టీరింగును లాగేది లేన్ అసిస్ట్, చెరిగిపోయిన గీతల మీద విసిగించేదీ అదే. దాన్ని ఒక్కదాన్నే ఆపి అడాప్టివ్‌ను ఉంచుకోవచ్చు. అలాగే క్రూయిజ్ ఆపినంత మాత్రాన ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకు ఆగదు, అది వేరు. దాన్ని మాత్రం ఎప్పుడూ ఆపకండి. ఇంకొకటి, అడాప్టివ్ ఆన్‌లో ఉన్నప్పుడు కాలు యాక్సిలరేటర్ మీద ఉంటే మీదే అధికారం, అది బ్రేకు వేయదు. అలవాటుగా పెడల్ మీద కాలు ఆనించి కూర్చునేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

కొనబోయేవాళ్ల విషయానికొస్తే, మీ ప్రయాణంలో ఎక్కువ భాగం సిటీ, చుట్టుపక్కల ఊళ్లు అయితే అడాప్టివ్ కోసం పై వేరియంటుకు డబ్బు పెట్టకండి. ఆ డబ్బుతో పెద్ద బ్యాటరీ వస్తుందేమో చూడండి, రీజెన్ లెవెళ్లు మార్చే ప్యాడిల్స్ ఉన్నాయో లేదో చూడండి. ఔటర్ మీదో, పెద్ద ఎక్స్‌ప్రెస్‌వేల మీదో తరచూ గంటలకొద్దీ నడిపేవాళ్లయితే తీసుకోండి. టెస్ట్ డ్రైవ్‌లో షోరూమ్ చుట్టూ తిరగడం కాకుండా హైవే మీదికి తీసుకెళ్లమనండి. 80లో పెట్టి, ముందు బండి పక్కకు తప్పుకున్నప్పుడు ఎంత దూకుడుగా లాగుతుందో, ఎవరైనా దూరినప్పుడు ఎంత ఆలస్యంగా తగ్గుతుందో చూడండి.