తెలుగు చదవడం కష్టమయ్యే పిల్లలకు ట్యాబ్: ఏవి పనికొచ్చాయి, ఏవి రాలేదు

డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమవడం) ఉన్న పిల్లల కోసమని ప్లే స్టోర్‌లో డబ్బు కట్టించుకునే యాప్‌లు తెలుగు మీడియం పిల్లలకు పెద్దగా అక్కరకు రావు. వాటిని ఇంగ్లిష్ కోసం తయారుచేశారు. బీ, డీ తారుమారు కావడం, ఒకే అక్షరానికి రెండు మూడు శబ్దాలు ఉండడం లాంటివే వాటి లెక్క. మన పిల్లలు తడబడే చోటు వేరు. మ, వు పక్కపక్కన రాసి చూడండి, తెలుస్తుంది. ప, వ, ష సంగతీ అంతే. 'క్ర' రాస్తే క్రావడి కింద ఎడమ పక్క నుంచి చుట్టుకొస్తుంది, పలకడం మాత్రం క తర్వాత. 'కై'లో ఐత్వం పైన ఒక ముక్క, కింద ఒక ముక్క. అక్షరమాల గడగడా అప్పచెప్పే పిల్లాడు 'రాత్రి' దగ్గర ఆగిపోయేది అందుకే. కోనసీమలోనూ నరసాపురం వైపూ భవిత కేంద్రాల్లో (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రభుత్వం నడిపేవి), ఇళ్లలో వాడకం చూశాక తేలింది ఏమిటంటే, ఉచితంగా దొరికే మూడు నాలుగు యాప్‌లూ, ట్యాబ్‌లోనే ఉన్న కొన్ని సెట్టింగులూ చాలు. మిగతా పని పక్కన కూర్చునే మనిషిది.

ముందు సెట్టింగులు. గూగుల్ స్పీచ్ సర్వీసెస్ వేసుకుని, టెక్స్ట్ టు స్పీచ్‌లో (తెర మీది రాతను చదివి వినిపించే సెట్టింగు) దాన్నే ఇంజిన్‌గా ఎంచుకుని, తెలుగు గొంతు డౌన్‌లోడ్ చేయాలి. ట్యాబ్ కంపెనీ సొంత ఇంజిన్ మీదే వదిలేసి 'తెలుగు చదవట్లేదండి' అనేవాళ్లే ఎక్కువ. గొంతు వేగం మామూలు కంటే ఒక పావు వంతు తగ్గించండి. మరీ తగ్గిస్తే పదం ముక్కలై అర్థం జారిపోతుంది. తర్వాత యాక్సెసబిలిటీలో సెలెక్ట్ టు స్పీక్ ఆన్ చేస్తే, తెర మీద ఏ వాక్యం నొక్కితే ఆ వాక్యం చదివి పెడుతుంది. ఏడో తరగతి సోషల్ పాఠం సొంతంగా చదవలేని పిల్ల అదే పాఠం విని ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పేస్తుంది. తెలివికి లోటు లేదని ఇంట్లోవాళ్లకు నమ్మకం కుదిరేది ఎక్కువగా ఇక్కడే.

దీనికి పెద్ద అడ్డంకి పీడీఎఫ్‌లు. తెలుగు డీటీపీలో చాలాకాలంగా అను ఫాంట్లు వాడుతున్నారు, అవి యూనికోడ్ (యంత్రాలన్నీ గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కావు. అలా తయారైన పీడీఎఫ్ కంటికి చక్కగా తెలుగులాగే కనిపిస్తుంది, లోపల ఉన్నది మాత్రం అర్థంలేని గుర్తులు. యంత్రం చదవబోతే ఏదో గొణుగుతుంది, లేదా నోరే విప్పదు. ట్యాబ్ పాడైందని అనుకోకండి. పేజీని ఎండ నేరుగా పడని వెలుతురులో, నీడ లేకుండా ఫోటో తీసి, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటర్‌లో గూగుల్ డాక్స్‌తో తెరిస్తే ఓసీఆర్ (ఫోటోలోని అక్షరాలను యంత్రం గుర్తుపట్టడం) అయ్యి అసలు అక్షరాలు వస్తాయి. పేజీ రెండు కాలమ్‌లుగా ఉంటే ఒక్కో కాలమ్‌నీ విడిగా కత్తిరించండి, లేకపోతే ఎడమ వాక్యం సగంలో కుడి వాక్యం దూరుతుంది. వచ్చినదాన్ని పెద్దవాళ్లు ఒకసారి సరిచూడాల్సిందే. మ, వు తికమక ఓసీఆర్‌కీ ఉంది, ఒత్తులూ రాలిపోతాయి. తప్పు పాఠం పిల్లాడికి వినిపించే కంటే వినిపించకపోవడం నయం.

సరిచేసిన పాఠాన్ని 24 పాయింట్ల సైజులో, వరుసల మధ్య ఒకటిన్నర ఎడంతో, లేత గోధుమ రంగు నేపథ్యం మీద పెట్టండి. వరుసకు ఐదారు పదాలు మించకూడదు. ఫాంటు నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ చాలు. ఓపెన్‌డిస్లెక్సిక్ అంటూ కొందరు వెతుకుతుంటారు. అది లాటిన్ లిపికి చేసిన ఫాంటు, ఇంగ్లిష్‌లో కూడా దాని మేలు గట్టిగా రుజువు కాలేదు.

చదివించడానికి గూగుల్ రీడ్ అలాంగ్ యాప్. 2019లో బోలో పేరుతో వచ్చింది, తెలుగు కథలున్నాయి. పిల్లలు పైకి చదువుతుంటే వింటుంది, రాని పదం నొక్కితే యాప్‌లోని బొమ్మ దియా పలికి చూపిస్తుంది. ముందే కథలు దించుకుంటే నెట్ లేకుండా నడుస్తుంది, సిగ్నల్ సరిగా అందని గోదావరి లంక ఊళ్లలో ఇది చిన్న సంగతి కాదు. బలహీనతా వినడంలోనే ఉంది. రేకుల షెడ్డు మీద వాన పడుతుంటే, పక్క తరగతి ఎక్కాలు వల్లిస్తుంటే సరిగా చదివిన పదాన్నీ తప్పంటుంది. నాలుగుసార్లు అలా జరిగితే పిల్లాడు నోరు కట్టేసుకుంటాడు. మైకు ఉన్న వైరు ఇయర్‌ఫోన్ పెడితే చాలావరకు సర్దుకుంటుంది. నత్తి ఉన్నవాళ్లకు, మాట స్పష్టంగా రాని వాళ్లకు మాత్రం ఈ యాప్ వద్దు, నక్షత్రాలు రాక చిన్నబుచ్చుకుంటారు.

ఇంకో లోపం తెలుగుకు సంబంధించింది. యాప్ పదం పదంగా దిద్దుతుంది, అక్షరం లోపలికి పోదు. 'పుస్తకం'లో త ఒత్తు మింగేశాడా, స పలకలేదా అన్నది చెప్పదు. అది మనం చూడాలి. పాత పెళ్లికార్డు ముక్కలో చిన్న కిటికీ కత్తిరించి తెర మీద జరుపుతూ ఒక్కో అక్షరమే కనపడేలా పెడితే తేడా దొరుకుతుంది. వరుస కూడా ముఖ్యం. ముందు ద్విత్వాలు: గట్టు, చెట్టు, కొబ్బరి. అవి తడబడకుండా వచ్చాకే సంయుక్తాలు: చక్రం, రాత్రి, పుస్తకం. స్త్రీ, రాష్ట్రం లాంటి సంశ్లేషాలు ఆఖర్న. యాప్ కథల్లో ఈ వరుస ఉండదు, అన్నీ కలిసే వస్తాయి. అందుకే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ మేలు. నాలుగు స్థాయిల్లో కథలుంటాయి, వాటిని మార్చి మన కథగా చేసుకోవడానికి లైసెన్సే అనుమతిస్తుంది. ఊరి రేవు, పంటకాలువ, కొబ్బరి దింపు పెట్టి, ద్విత్వాలు మాత్రమే ఉండే ఎనిమిది పేజీల కథ ఒక పూటలో తయారవుతుంది.

ఒక కూర్చోవడం పదిహేను నిమిషాలు దాటనివ్వకండి. మూడు నిమిషాలు వినడం, ఐదు నిమిషాలు మనతో కలిసి చదవడం, నాలుగు నిమిషాలు సొంతంగా, ఆఖరి మూడు నిమిషాలు ట్యాబ్ మూసి పలక మీద రాయడం. ఆ పలక భాగం ఎగ్గొడితే చదవడం మెరుగుపడినా రాత అక్కడే ఉంటుంది. వేలితో దిద్దించే యాప్‌లు దానికి బదులు కావు. గీత ఎటునుంచి మొదలుపెట్టినా చాలావాటికి 'భేష్' అనడమే తెలుసు, ఉక్కపోతలో చెమట వేలు జారినా భేషే. అక్షరాభ్యాసం నాటి బియ్యపు పళ్లెం ఇప్పటికీ వాటికంటే మంచిది. నాలుగు బొమ్మల్లో సరైనది నొక్కమనే ఆటలూ అంతే, ఊరికే నొక్కినా నాలుగింట ఒకటి ఒప్పవుతుంది.

ఉచిత యాప్‌ల ప్రకటనల బెడద ఎయిర్‌ప్లేన్ మోడ్‌తో చాలావరకు పోతుంది. యూట్యూబ్ వైపు జారకుండా యాప్ పిన్నింగ్ (ఒక్క యాప్‌నే తెర మీద బిగించి ఉంచే సెట్టింగు) పెట్టి, విప్పడానికి పిన్ అడిగేలా చేయండి. ఆ పిన్ పుట్టిన సంవత్సరం కాకుండా చూసుకోండి, రెండో రోజుకే కనిపెట్టేస్తారు.

లెక్కల యాప్‌ల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. గడియారం తిరిగే ఆటలు డిస్కాల్క్యులియా (అంకెలు, లెక్కలు తలకెక్కకపోవడం) ఉన్న పిల్లలను కంగారు పెడతాయి, టైమర్ ఆపలేని యాప్ తీసేయండి. చింతపిక్కలతో పదుల కట్టలు వచ్చాక తెర మీద సంఖ్యారేఖ చూపించండి. ఇరవై ఒకటి నుంచి పలికే వరుసా రాసే వరుసా ఒకటే కాబట్టి తెలుగులో అది సులువు. పదకొండు నుంచి పంతొమ్మిది దాకా మాత్రం విడిగా కూర్చోబెట్టాలి.

రాత బొత్తిగా రాని పెద్ద పిల్లలకు జీబోర్డ్ (గూగుల్ కీబోర్డు) తెలుగు వాయిస్ టైపింగ్ బాగుంటుంది, నెట్ ఉంటేనే. చుక్కలు, కామాలు మనమే పెట్టుకోవాలి. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి మాత్రం వీళ్లకు పెట్టకండి, ఒక లిపితోనే సతమతమయ్యేవాడికి రెండు లిపులవుతాయి. జవాబు రాసేటప్పుడు పదాల సూచనలు ఆన్‌లో ఉంచి, స్పెల్లింగ్ సాధనప్పుడు ఆపండి.

గోదావరి గాలిలో తేమకు ముందు చెడేది చార్జింగ్ పోర్టు. తడి ఉందని హెచ్చరిక వస్తే కేబుల్ గుచ్చి గెలకకండి, ఫ్యాన్ గాలికి వదిలేయండి. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెడితే వానాకాలం గట్టెక్కుతుంది. తుపాను కబురు వినగానే చార్జింగ్ నింపడంతోపాటు ఆ వారం కథలూ దించి ఉంచుకోవాలి.

తొమ్మిదో తరగతి సగం నుంచి ట్యాబ్ వాడకం తీరు మార్చండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం (డిస్లెక్సియా, డిస్కాల్క్యులియా లాంటివి) ఉంది, పబ్లిక్ పరీక్షలో స్క్రైబ్ (పిల్లాడు చెబితే రాసిపెట్టే మనిషి), అదనపు సమయం లాంటి వెసులుబాట్లు సర్టిఫికెట్ మీద వస్తాయి. కానీ అక్కడ చదివి పెట్టేది మామూలుగా యంత్రం కాదు, మనిషి. వాయిస్ టైపింగ్‌లో తప్పు చెరిపి మళ్లీ చెప్పే అలవాటున్న పిల్లాడు స్క్రైబ్ ముందు సగం వాక్యం చెప్పి ఆగిపోతాడు. అందుకని వారానికి రెండుసార్లు ట్యాబ్ పక్కన పెట్టి, తనకంటే చిన్న తరగతి పిల్లను రాయడానికి కూర్చోబెట్టి, పూర్తి వాక్యం మనసులో కట్టుకుని ఒక్కసారే చెప్పేలా సాధన చేయించండి.