పార్-3 హోల్: ఐలాండ్ గ్రీన్ మేలా, రెడాన్ మేలా?

గోల్ఫ్‌లో పార్-3 అంటే మూడు షాట్లలో ముగించాల్సిన హోల్; జెండా, గుంట ఉండే నున్నటి గడ్డి భాగం గ్రీన్. ఆ గ్రీన్ చుట్టూ నీళ్లు పెడితే ఏ పార్-3 అయినా కష్టమవుతుంది. ఆటగాడికి ఎన్ని దారులు మిగిలాయో చూసి హోల్‌ను తూచాలి. ఆ తూకంలో నా ఓటు రెడాన్‌కే, అంటే ఏటవాలు గ్రీన్ ఉన్న హోల్‌కే.

ఐలాండ్ గ్రీన్, అంటే నీళ్ల మధ్య దీవిలాంటి గ్రీన్, అనగానే ఫ్లోరిడాలోని టీపీసీ సాగ్రాస్ 17వ హోల్ గుర్తొస్తుంది. 1980లో తెరిచిన ఆ కోర్సుకు కావలసిన మంచి ఇసుక 17వ హోల్ దగ్గరే దొరికింది. తవ్వగా తవ్వగా పెద్ద గొయ్యి మిగిలింది. గ్రీన్‌ను దీవిగా చేద్దామన్న సలహా డిజైనర్ పీట్ డై భార్య ఆలిస్‌ది. టోర్నమెంట్లలో దూరం 137 గజాలే. తొమ్మిదో ఐరనో వెడ్జో (తక్కువ దూరానికి వాడే గోల్ఫ్ కర్రలు, అంటే క్లబ్బులు) సరిపోతుంది. కానీ గాలి మారితే ఒక క్లబ్ తేడా వస్తుంది, బంతి నీళ్లలో పడుతుంది. ఒక పెనాల్టీ, డ్రాప్ జోన్ (బంతిని మళ్లీ వేసే నిర్ణీత స్థలం) నుంచి మూడో షాట్. జెండా ఎక్కడున్నా గ్రీన్ మధ్యకు కొట్టడమే తెలివి. బంతిని అంత దూరం లేపలేనివాళ్లకు పక్కదారి అంటూ ఏదీ లేదు.

రెడాన్ అసలు రూపం స్కాట్లండ్‌లో ఉంది: నార్త్ బెర్విక్ వెస్ట్ లింక్స్ 15వ హోల్, సుమారు 190 గజాలు. పేరు క్రిమియా యుద్ధంనాటి కోటది. గ్రీన్ టీకి (తొలి షాట్ కొట్టే చోటుకు) ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల కోణంలో ఉండి, కుడి ముందు నుంచి ఎడమ వెనక్కి దిగుతుంది. ఎడమ ముందు లోతైన బంకర్ (ఇసుక గుంట). జెండా ఎడమ వెనక ఉన్నప్పుడు నేరుగా దానిమీదికి కొడితే బంకర్ దాటినా బంతి ఆగదు, వాలుమీద జారి గ్రీన్ వెనక అంచు దాటిపోతుంది. గ్రీన్ కుడి ముందు భుజంమీద, అంటే ఎత్తుగా ఉన్న అంచుమీద దించండి. బంతి అక్కడ ఒక్క క్షణం తటపటాయించి, ఎడమకు తిరిగి, జెండా వైపు దొర్లుతూ పోతుంది. కుడిచేతివాటం ఆటగాడి డ్రాకు (కుడి నుంచి ఎడమకు వంగే షాట్‌కు) సరిగ్గా సరిపోయే హోల్ ఇది. పొట్టిగా కొట్టేవాళ్లు కుడి ముందు ఆపి, అక్కడి నుంచి చిప్ (గ్రీన్ దగ్గర కొట్టే చిన్న షాట్) చేసుకోవచ్చు. మరీ కుడికి పోయిందా, దిగుడు చిప్ మిగులుతుంది, దాన్ని ఆపడం చాలా కష్టం.

ఈ రెంటి మధ్య అమెరికాలోని అగస్టా నేషనల్ కోర్సు 12వ హోల్ ఉంది, 155 గజాలు. కోణం రెడాన్‌కు తలకిందులు: గ్రీన్ కుడివైపు దూరం, ఎడమవైపు దగ్గర. కుడిచేతివాటం ఆటగాడు కుడికి తప్పిస్తే బంతి సాధారణంగా పొట్టిగా కూడా పడుతుంది, అంటే గ్రీన్ ముందున్న వాగు రేస్ క్రీక్‌లోకి. ఎడమకు లాగితే దూరం ఎక్కువై గ్రీన్ దాటిపోతుంది. అక్కడ జరిగిన 2019 మాస్టర్స్ టోర్నమెంట్ చివరి రోజు ఇటలీ ఆటగాడు ఫ్రాన్సెస్కో మోలినారి బంతి నీళ్లలో పడింది. టైగర్ వుడ్స్ మాత్రం జెండాను వదిలేసి ఎడమకు, సురక్షితంగా గ్రీన్‌మీదికి కొట్టాడు.

అయితే రెడాన్ నేలమీద ఆధారపడుతుంది. గ్రీన్‌కూ దాని ముందరి భాగానికీ నీళ్లు ఎక్కువ పెడితే బంతి దిగినచోటే కూరుకుపోతుంది, వాలు ఎందుకూ పనికిరాదు. ఇసుక నేల, నీరు త్వరగా ఇంకే చోటు ఉంటే రెడాన్ కట్టండి. బంకమన్ను అయితే అగస్టా తరహా కోణం ఎంచుకోండి. అక్కడ బంతి దొర్లనక్కర్లేదు, గాలిలోనే లెక్క తేలిపోతుంది.