ఓనమాలా, మాటలా? ఒకటో తరగతి చదువు ఎటు నుంచి మొదలుపెడితే మేలు

ఒకటో తరగతి గోడ మీద అక్షరమాల చార్టు ఉంటుంది. కర్ర పెట్టి వరుసగా చూపిస్తే తరగతి మొత్తం ఒకే గొంతుతో అప్పజెప్పేస్తుంది. అదే చార్టులో గ మీద వేలు పెట్టి ఒక్క పిల్లని "ఇదేంటమ్మా?" అని అడగండి. చాలామంది పెదాలు కదుపుతూ క, ఖ అని మొదలెట్టి గ దగ్గర ఆగుతారు. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెడితే ఇంకొంతమంది ఆగిపోతారు. వాళ్ళకి తెలిసింది అక్షరం ఉన్న చోటు మాత్రమే. అక్షరం ఇంకా రాలేదు.

మన దగ్గర చదవడం నేర్పడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి వరుస పద్ధతి: ముందు అచ్చులు, తరవాత హల్లులు, గుణింతాలు, వత్తులు, ఆఖరున మాటలు. రెండోది పద పద్ధతి: పిల్లలకి తెలిసిన మాటలు తీసుకుని, వాటిలోంచి కొన్ని అక్షరాలు జట్టుగా నేర్పి, ఆ అక్షరాలతోనే కొత్త మాటలు చదివించడం.

వరుస పద్ధతికి బలం లేకపోలేదు. ఇంట్లో మామ్మకీ తాతకీ కూడా ఆ వరుస వచ్చు కాబట్టి సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి చెప్పగలరు. ఒకే మాస్టారు అయిదు తరగతులూ చూసుకునే బడిలో నాలుగో తరగతి పిల్ల ముందు నిలబడి చెప్పించగలదు. నిఘంటువు చూడ్డానికి వరుస కావాలి. క నుంచి మ వరకు అయిదు వర్గాలూ గొంతు నుంచి పెదాల దాకా పలికే చోటుని బట్టి పేర్చినవి. అంత శాస్త్రీయమైన అమరిక గర్వపడదగ్గదే. అయితే అది భాష తెలిసినవాళ్ళు చేసుకున్న అమరిక. ఆరేళ్ళ పిల్ల చదవడానికి ఏది ముందు కావాలో చూసి పేర్చింది కాదు.

లెక్క వేసి చూడండి. అ నుంచి అః దాకా నేర్చేసుకున్నా పిల్ల చదవగలిగే మాటలు ఆ, ఈ, ఏ లాంటివి తప్ప లేవు. ఋ లాంటి కష్టమైన అక్షరం మొదటి నెలలోనే వచ్చి పడుతుంది. దానితో మొదలయ్యే మాట ఆ పిల్ల ఇంట్లో ఒక్కటీ వినదు. ఖ, ఘ, ఛ, ఝ ఒత్తి పలికే అక్షరాలు, ఎక్కువగా సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో ఉంటాయి. ఙ, ఞ విడిగా పుస్తకంలో వెతికినా కనపడవు. ఇన్ని దాటుకుని మొదటి మాట చదివేసరికి నెలలు గడిచిపోతాయి.

ఇప్పుడు ప, ల, క, త, డ, వ అనే ఆరు అక్షరాలు తీసుకోండి. పలక, తల, కల, వల, వడ, పడక, తడక, కడవ, పడవ. ఆరు అక్షరాలకి తొమ్మిది మాటలు, ఒక్క గుణింతం గుర్తు లేకుండా. రెండో జట్టు ర, గ, ద, ట, అ, సున్న: వరద, లంక, పంట, గంట, గంప, గడప, అరక, గరగ. మూడో జట్టు న, మ, చ, స, జ, బ: పనస, నడక, జడ, మంచం, కంచం, బలపం. గోదావరి పాయల మధ్య పెరిగే పిల్లకి వీటిలో విడమర్చి చెప్పాల్సిన మాటలు ఒకటీ అరా ఉంటే ఎక్కువ. లంక అంటే నది మధ్య దిబ్బ అని మనకే చెబుతుంది.

మొదటి జట్టులో ఒక ఇబ్బంది ఉంది. ప, వ చూపుకి దగ్గరగా ఉంటాయి. ప పైన తెరిచి ఉంటుంది, వ మూసుకుని ఉంటుంది. ఆ తేడా పెద్దల కంటికి ఆనినట్టు పిల్లలకి ఆనదు. పడవ అనే మాట కోసం రెంటినీ ఒకే జట్టులో ఉంచాం కానీ ప వచ్చి నాలుగైదు రోజులు గడిచాకే వ పరిచయం చెయ్యాలి. ద–డ, మ–య, గ–శ, న–స విషయంలోనూ అంతే. ఒకదాని వెనక ఒకటి నేర్పితే రెండూ కలిసిపోతాయి.

రోజుకి 40 నిమిషాలు చాలు. మొదటి పది నిమిషాలు నోటితోనే: ప–డ–వ అని చప్పట్లు కొట్టి విడగొట్టడం, మధ్య చప్పట్లో ఏముందో అడగడం. తరవాతి పది చదవడానికి, పది అక్షరం ముక్కలతో మాటలు కట్టడానికి, ఆఖరి పది పలక మీద రాయడానికి. ముక్కలు కొనక్కర్లేదు. పెళ్ళి శుభలేఖల అట్టలు కత్తిరిస్తే వెనకవైపు రాసుకోవచ్చు. నలుగురు పిల్లల గుంపుకి ఆరు అక్షరాలూ నాలుగేసి చొప్పున 24 ముక్కలు.

పద పద్ధతి చెడేది ఎక్కడంటే, పిల్ల మాట మొత్తాన్ని బొమ్మలా గుర్తుపెట్టుకుంటుంది. పడక అని రాసి చూపిస్తే "పడవ" అంటుంది. మొదటి రెండక్షరాలూ చూసి ఊహించేసిందన్నమాట. దీనికి పరీక్ష సులువు. అర్థం లేని కూర్పులు అయిదు రాయండి: డపల, వకత, లడప, కవడ, తపక. నాలుగు సరిగ్గా చదివితే రెండో జట్టుకి వెళ్ళండి. లేకపోతే ముక్కలాట ఇంకో రెండు రోజులు. ఈ పరీక్ష పెట్టకుండా ముందుకెళ్ళిన తరగతుల్లో డిసెంబరు వచ్చేసరికి చాలామంది పాఠాన్ని చూడకుండా చెబుతారు, చూసి మాత్రం చదవలేరు.

మన గోదావరి డెల్టాకి ఇంకో కొలత కూడా వెయ్యాలి. జూన్‌లో బడి తెరుస్తారు. జులై, ఆగస్టుల్లో గోదారి పొంగితే లంక ఊళ్ళ పిల్లలు రోజుల తరబడి బడికి రాలేరు. వరుస పద్ధతిలో ఆ రోజులు పోతే తిరిగొచ్చిన పిల్లకి తాడు ఎక్కడ తెగిందో తెలీదు, మిగతావాళ్ళు చ వర్గంలో ఉంటారు. పద పద్ధతిలో తొమ్మిది మాటలున్న ఒక్క కాగితం ఇంటికి పంపొచ్చు, తిరిగొచ్చాక ఆ ఒక్క జట్టు పూర్తి చేసి కలుపుకోవచ్చు. ఈ ఒక్క కారణం చాలు, డెల్టాలో పద పద్ధతే మేలని చెప్పడానికి.

ఆగస్టులో తల్లిదండ్రులు వచ్చి "మా పిల్లకి ఇంకా అ ఆలు రాలేదండీ" అంటారు. వాళ్ళ దిగులు న్యాయమైనదే. అందుకని రోజూ మూడు నిమిషాలు అక్షరమాలని పాటలా పాడించండి. అప్పజెప్పమని అడగొద్దు, రాయమనొద్దు. రెండో తరగతిలో నిఘంటువు ఆట ఆడించేసరికి ఆ వరుస నోట్లో సిద్ధంగా ఉంటుంది.

గుణింతం: అడ్డంగానా, నిలువుగానా?

అలవాటు ప్రకారం క కా కి కీ అని అడ్డంగా చెప్పిస్తాం. హల్లులు 35 అనుకుని, ఒక్కోదానికి 12 రూపాలు వేసుకున్నా 420. ఇంత పేరు పేరునా గుర్తుపెట్టుకోవడం అనవసరమైన బరువు. నిలువుగా అంటే, ఒక్క గుర్తు తీసుకుని వచ్చిన అక్షరాలన్నిటికీ పెట్టించడం: కా, తా, పా, వా, నా. గుర్తు ఏం చేస్తుందో పిల్లకి తెలిసిపోతే కొత్త అక్షరానికి తనే పెట్టుకుంటుంది.

క్రమం కూడా ముఖ్యం. ముందు దీర్ఘం, గుడి, కొమ్ము. వీటిని మూడు జట్లలోని 18 అక్షరాలూ రాగానే మొదలుపెట్టెయ్యాలి, మిగతా హల్లుల కోసం ఆగక్కర్లేదు. అప్పటికే "వాన పడింది. తాత పడవ నడిపాడు. కాకి పనస కాడ వాలింది." అని మూడు వాక్యాలు చదివేస్తారు. ఒకటో తరగతిలో పిల్ల ముఖం వెలిగేది ఆ రోజే. ఆ, ఇ, ఉ అచ్చుల్ని కూడా వాటి గుర్తులతో జతగా చెప్పండి: ఆకు, ఇటుక, ఉడత. తరవాత గుడిదీర్ఘం, కొమ్ముదీర్ఘం. ఆపైన ఎత్వం, ఏత్వం, ఒత్వం, ఓత్వం. ఐత్వం, ఔత్వం ఆఖర్న.

పొట్టి, పొడుగు తేడా చెవితో పట్టించాలి: పడు–పాడు, పురి–పూరి, విడి–వీడి. పొట్టిదానికి ఒక చప్పట, పొడుగుదానికి చెయ్యి సాగదీయడం. కొమ్ము దగ్గర పొరపాటు తప్పకుండా వస్తుంది. కు, తు, డులలో కొమ్ము పక్కన ఉంటుంది. పు, వులలో మాత్రం కింద నుంచి మొదలవుతుంది. ఎందుకంటే వ పక్కన మామూలు కొమ్ము పెడితే అది మ అయిపోతుంది. ఈ కారణం బోర్డు మీద ఒకసారి రాసి చూపిస్తే చాలు, పిల్లలు మర్చిపోరు.

వత్తుల్లో ముందు ద్విత్వాలే. గట్టు, కప్ప, కొబ్బరి. వత్తు రూపం పూర్తిగా మారిపోయేవి త, న, మ, య, ర, ల. వీటిలో ర తప్ప అయిదూ అత్త, అన్న, అమ్మ, రొయ్య, బెల్లం మాటల్లోనే వచ్చేస్తాయి. సంయుక్తాలు రెండో తరగతికి వదిలెయ్యొచ్చు. అక్కడ అసలు చిక్కు ఒకటుంది: బస్తాలో దీర్ఘం కంటికి స మీద కనపడుతుంది, పలికేది మాత్రం త తరవాత. పిల్ల "బసాత" అని చదివితే అజాగ్రత్త అనుకోకండి, తను చూసింది చూసినట్టే చదివింది. బస్ అని ఆపి, తా అని కలిపి, రెండు ముక్కలుగా పది మాటలు చేయిస్తే దారిలో పడుతుంది: కుస్తీ, బస్తీ, మేస్త్రీ కూడా అదే తీరు.

రాయడం: చూచిరాత, ఉక్తలేఖనం, సొంత మాట

మాట పదిసార్లు రాసుకురమ్మంటే పిల్ల ఎలా రాస్తుందో గమనించండి. ముందు పేజీ కిందికంటా పది పలు, తరవాత పది డలు, ఆపైన పది వలు. చెయ్యి అరిగింది, పడవ అనే మాట ఒక్కసారీ రాయలేదు. చేతివాటం కోసం చూచిరాత మంచిదే, రోజుకి మూడు నాలుగు గీతలకి మించొద్దు. అదీ "చూసి, మూసి, రాసి, సరిచూసి" పద్ధతిలో మూడుసార్లు.

ఉక్తలేఖనంలో రోజుకి అయిదు మాటలు: మూడు పాతవి, రెండు ఎప్పుడూ రాయనివి కానీ తెలిసిన అక్షరాలతో కట్టినవి. ఆ రెండే అసలు కొలత. సొంత మాటకి బొమ్మ కింద ఒక వాక్యం, వారానికి మూడు రోజులు. మొదటి ఆరు నెలలు పలక, బలపం. తప్పు తుడిచెయ్యొచ్చు కాబట్టి బెదురుండదు. ఆ తరవాత నోటు పుస్తకం, అదీ గీత విడిచి గీతలో. లేకపోతే వత్తులకి కింద చోటుండదు.

2021లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ చదువు పథకం లక్ష్యాల ప్రకారం రెండో తరగతి పిల్ల నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతి పిల్ల కనీసం 60 మాటలు అర్థమయ్యేలా చదవాలి. తెలుగులో "వెళ్ళిపోతున్నారన్నమాట" కూడా ఒక్క మాటే కాబట్టి గడియారం ఒక్కదాన్నే నమ్మకండి. చదివాక రెండు ప్రశ్నలడగండి, ఒకటి "ఎందుకు" అన్నది అయ్యుండాలి.

సొంత రాతలో మన యాస వస్తుంది. "అన్నయ్య వచ్చేడు, కాలవ కాడికెళ్ళేడు" అని రాస్తుంది. వచ్చాడులో మనం పలికే అచ్చుకి తెలుగులో విడిగా గుర్తు లేదు, అది ఆ కీ ఏ కీ మధ్యలో ఉంటుంది. తన చెవి విన్నదానికి దగ్గరి గుర్తు పెట్టింది, అంటే శబ్దాన్ని విడగొట్టడం వచ్చిందనే. ఎర్ర సిరాతో కొట్టెయ్యకండి. రెండో తరగతి చివరిదాకా ఆ వాక్యం కింద పుస్తకం రూపం మీరు రాసి, రెండూ ఆ పిల్ల చేత చదివించండి.