సైబీరియా రైల్లో వారం: సంచిలో ఏ పుస్తకాలు?

మాస్కో నుంచి రష్యా తూర్పు కొసనున్న వ్లదివస్తోక్ దాకా 9,289 కిలోమీటర్లు. ఆ రైలెక్కబోయే వాళ్లకి అందరూ ఇచ్చే సలహా ఒకటే: "వారం రోజులు ఖాళీయే కదా, లావుపాటి రష్యన్ నవల ఒకటి పెట్టుకో." ఇంతకన్నా చెడ్డ సలహా ఇంకోటి లేదు. వెయ్యి పేజీల గట్టి అట్ట పుస్తకం కిలోకి అటూ ఇటూ తూగుతుంది. పై బెర్తు మీద వెల్లకిలా పడుకుని పది నిమిషాలు ఎత్తిపట్టుకుంటే చేతులు లాగేస్తాయి. చివరికది నూట యాభయ్యో పేజీలో పెట్టిన గుర్తుతోనే ఇంటికి తిరిగొస్తుంది.

రోజుకి పది గంటలు చదువుతామనుకుంటాం. నిజంగా చదివేది మూడు గంటలు. మిగతాది కిటికీ తినేస్తుంది, టీ తినేస్తుంది, ఎదుటి బెర్తులో ఊరగాయ దోసకాయలు కోసిపెట్టే పెద్దావిడ తినేస్తుంది. తెలుగు పేజీకి రెండు నిమిషాల చొప్పున రోజుకు తొంభై పేజీలు, ఆరు రోజులకి 550 దాటవు. కాబట్టి నూట ఎనభై పేజీల పుస్తకాలు మూడు చాలు. కథలైతే మరీ మంచిది. పెద్ద స్టేషన్లలో పావుగంటో అరగంటో ఆగినప్పుడు దిగాలనిపిస్తుంది, కథైతే ముగించి దిగొచ్చు.

బోగీ ఏదన్నది పుస్తకం కన్నా ముఖ్యం. ప్లాట్స్‌కార్ట్ అంటే మన స్లీపర్ లాంటిదే, తలుపుల్లేకుండా 54 బెర్తులు. పైన నిటారుగా కూర్చోలేం, కింద కూర్చోవాలంటే కింది బెర్తు వాళ్ల మొహం చూడాలి. రాత్రి పెద్ద లైట్లు తగ్గించేస్తారు. పాత బోగీల్లో చాలావాటికి బెర్తు దగ్గర విడిగా లైటుండదు, ప్లగ్గులు కూడా బోగీ మొత్తానికి రెండో మూడో. కూపేలో నలుగురే, తలుపుంటుంది, తల దగ్గర లైటుంటుంది. మనుషులు కావాలంటే ప్లాట్స్‌కార్ట్, చదువు కావాలంటే కూపే. అయితే కూపేలో మిగతా ముగ్గురూ తొమ్మిదికే నిద్రపోయే రకమైతే మీ లైటే వాళ్లకి శత్రువు. మూడో రోజుకి మీతో వచ్చినవాళ్లే మూతి ముడుస్తారు. పేజీకి తగిలించుకునే క్లిప్పు లైటు మూడు నాలుగు వందల రూపాయలకి ఇక్కడే దొరుకుతుంది. పసుపు వెలుగుది తీసుకోండి, తెల్లదైతే కూపే అంతా పరుచుకుంటుంది.

తూర్పుకి వెళ్తుంటే గడియారం మొత్తం 7 గంటలు ముందుకు జరుగుతుంది, అంటే దాదాపు రోజుకో గంట పోతుంది. చదువుకునేవాళ్లకి వ్లదివస్తోక్‌లో ఎక్కి మాస్కో వైపు రావడమే లాభం, రోజుకి 25 గంటలు. డిసెంబర్లో అయితే నోవసిబీర్స్క్ దగ్గర పగలే ఏడెనిమిది గంటలు, సన్న అక్షరాల పుస్తకం జోలికి పోకండి.

ఈ-రీడర్ ఉంది కదా అంటారా? ఇంగ్లీషుకి బాగానే ఉంటుంది, తెలుగుతోనే చిక్కు. మనకి దొరికే పాత పుస్తకాల్లో ఎక్కువ భాగం స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. ఆరంగుళాల తెరమీద పేజీ మొత్తం పట్టిస్తే ఒత్తులు చీమల్లా కనపడతాయి, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలీదు. పెద్దది చేస్తే వాక్యం సగంలో తెగుతుంది, ప్రతి లైనుకీ పక్కకి జరుపుకోవాలి. బయల్దేరే ముందే అంచులు కత్తిరించి, తెరని అడ్డంగా తిప్పి, పది పేజీలు చదివి చూడండి. కళ్లు లాగితే పదంగుళాల ట్యాబ్లెట్టే గతి. దానికి 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు తోడు కావాలి, అది విమానంలో చేతిసంచిలోనే పెట్టాలి. దారిలో డౌన్‌లోడ్ చేసుకుందామనుకోవద్దు: ఊరు దాటితే సిగ్నలుండదు, పైగా డేటా కొందామన్నా 2022 మార్చి నుంచి మన బ్యాంకుల వీసా కార్డులూ, మాస్టర్ కార్డులూ రష్యాలో పనిచేయవు.

రష్యన్ సాహిత్యమే కావాలంటే మనకంటూ ఒక దారుంది. రాదుగ, ప్రగతి ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు మాస్కోలోనే అచ్చై విశాలాంధ్ర దుకాణాల్లోకి వచ్చేవి. ఉప్పల లక్ష్మణరావు లాంటివాళ్లు అక్కడే ఉండి అనువదించారు. ఇంట్లో ఒకటి మిగిలుంటే అదే పట్టుకెళ్లండి, కానీ అట్ట వెనక జిగురు ఎండిపోయిందేమో ముందు చూసుకోండి. చెహోవ్ కథలు ఈ రైలుకి సరిగ్గా సరిపోతాయి. ఆయన 1890లో సఖాలిన్ ద్వీపానికి వెళ్లినప్పుడు ఈ లైనే లేదు, గుర్రపు బళ్లమీదా పడవలమీదా పోయాడు. పనులు మొదలైంది 1891లో. దస్తయేవ్‌స్కీని చదివేవాళ్లు ఓమ్స్క్ దాటేటప్పుడు పుస్తకం తెరవాలి, ఆయన ఖైదీగా నాలుగేళ్లు గడిపిన ఊరది.

నవలైతే పేర్లతోనే తంటా. ఒకే మనిషి ఒక చోట ద్మీత్రి, ఇంకో చోట మీత్యా. మరీయా, మాషా ఒకరే. ఇవాన్ వాళ్లమ్మకి వాన్యా. ఇంట్లో వరసగా చదివితే గుర్తుంటాయి గానీ రైల్లో పూట విరామం వస్తే కొత్త పాత్రేమో అనిపిస్తుంది. పాత పెళ్లి శుభలేఖ ఒకటి పేజీలో పెట్టుకుని, వెనక పేర్లు రాసుకుంటూ పోవడమే ఉపాయం.

రైల్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు చేతిలోకి వచ్చేది మాత్రం రష్యన్ అక్షరాల కాగితం. మొత్తం 33 అక్షరాలు. ఇంగ్లీషు పి లాంటిది 'ర', హెచ్ లాంటిది 'న', సి లాంటిది 'స', బి లాంటిది 'వ'. ఈ నాలుగూ పట్టుబడితే, మిగతావి కాగితంలో చూసుకుంటూ స్టేషన్ బోర్డులు కూడబలుక్కోవచ్చు.

రెండు చోట్ల మాత్రం పుస్తకం మూసేయాలి. 1,777వ కిలోమీటరు దగ్గర యూరప్-ఆసియా సరిహద్దు స్తంభం, రెప్పపాటులో పోతుంది. స్ల్యుద్యాంక నుంచి బైకాల్ సరస్సు ఒడ్డున దాదాపు 200 కిలోమీటర్లు. తూర్పుకి వెళ్తుంటే అది ఎడమ పక్కన.

బోగీ చివర సమోవార్‌లో వేడినీళ్లు ఉచితం. లోహపు పిడి గాజు గ్లాసు అడిగితే ఇస్తారు. బల్ల చిన్నది, నలుగురిదీ. గ్లాసు పక్కన పుస్తకం పెడితే బ్రేకు పడ్డప్పుడు ఏమవుతుందో చెప్పక్కర్లేదు, జిప్పున్న ప్లాస్టిక్ కవరొకటి దగ్గరుంచుకోండి. ఖబారోవ్‌స్క్ దాటాక చివరి రాత్రి. తెల్లారి బోగీ చూసుకునే ఆవిడ వచ్చి దుప్పట్లు గబగబా లాగేసుకుపోతుంది. ఆమె రాకముందే దిండు కిందా, గోడకున్న వలసంచిలోనూ ఓసారి చెయ్యిపెట్టి చూసుకోండి.