ఆయా ఉన్న ఇంట్లో కెమెరా: దాచి పెట్టాలా, చెప్పి పెట్టాలా, అసలు మానేయాలా?

రేణిగుంట ఎలక్ట్రానిక్స్ కంపెనీలలోనో, శ్రీసిటీలోనో ఉద్యోగాలు చేస్తూ తిరుపతిలో కాపురముంటున్న దంపతులు ఈమధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉంది. ప్రసూతి సెలవు ముగిశాక బిడ్డను ఆయాకు అప్పగించి వెళ్తున్నాము, ఇంట్లో కెమెరా పెట్టడం మంచిదేనా, పెడితే ఆమెకు చెప్పాలా, చెప్పకుండా పెట్టాలా? ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లల విషయంలో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగింది కానీ, ఆరు నెలల బిడ్డ పగలంతా తనకేం జరిగిందో చెప్పలేదు గనుక ఈ ఆందోళన సహజమే. ఏ కంపెనీ కెమెరా కొనాలి, ఎన్ని మెగాపిక్సెళ్లు ఉండాలి అన్న చర్చలోకి నేను వెళ్లను. రెండు మూడు వేల రూపాయలకు దొరికే మామూలు వైఫై కెమెరా ఈ పనికి సరిపోతుంది.

రహస్యంగా పెట్టేవారి వాదనను తేలికగా కొట్టిపారేయలేము. చూస్తున్నారని తెలిస్తే ఎవరైనా బుద్ధిగానే ఉంటారు, ఎవరూ లేరనుకున్నప్పుడే అసలు స్వభావం బయటపడుతుంది అంటారు వారు. అందులో నిజముంది. అయితే బిడ్డ మీద చేయి పడటాన్ని రహస్య కెమెరా ఆపలేదు. పడిన తరువాత, అదీ తల్లిదండ్రులు కూర్చుని చూస్తేనే, చూపిస్తుంది. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా సాగిన రికార్డింగును రాత్రి వంటా గిన్నెలూ అయ్యాక తిరగేసే ఓపిక మొదటి వారం ఉంటుంది, ఆ తరువాత ఉండదు. పైగా గోడ గడియారంలోనో, బొమ్మలోనో దాచిన కెమెరా ఎక్కువ కాలం దాగదు, ఎందుకంటే ఆ గడియారం మీద దుమ్ము దులిపేదీ, ఆ బొమ్మను బిడ్డ నోట్లోంచి లాగి కడిగేదీ సాధారణంగా ఆ ఆయానే. బయటపడిన రోజున ఆమె మంచి మనిషైతే పని మానేస్తుంది. కాకపోతే ఇకపై ఏ మూలన జాగ్రత్తగా ఉండాలో నేర్చుకుంటుంది.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రెండు పడకగదుల అపార్ట్‌మెంటులో ఆయాకు విడిగా గది ఉండదు. బిడ్డ ఉయ్యాల ఉన్న గదిలోనే ఆమె చీర మార్చుకుంటుంది, మధ్యాహ్నం కాసేపు నడుము వాలుస్తుంది. బిడ్డ కోసమని అక్కడ దాచిన కెమెరా వాటినీ పట్టేస్తుంది. తననెవరూ చూడరనుకునే ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా చిత్రీకరించడం 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటిసారికే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, దానికి తోడు జరిమానా. ‘బిడ్డ కోసమే పెట్టాము’ అన్న సమాధానాన్ని పోలీసు స్టేషనులో చెప్పుకోవలసిన పరిస్థితి ఎవరికైనా ఎందుకు?

అసలు కెమెరా లేకపోవడం రెండవ మార్గం. మదనపల్లె నుంచో, పుత్తూరు నుంచో అవ్వాతాతలు వచ్చి వారాల తరబడి ఉండగలిగితే, ఎదురింటివారు చెప్పాపెట్టకుండా తలుపు తట్టగలిగేంత చనువుగలవారైతే, ఇంతకు మించిన కాపలా లేదు. పొద్దున ఆయా గుమ్మంలో కనిపించగానే బిడ్డ చేతులు చాచి ఆమె మీదికి దూకుతున్నదా, ముఖం తిప్పుకుని తల్లి భుజానికి అతుక్కుంటున్నదా అన్నది ఏ యాప్ కన్నా మనిషి కన్ను బాగా పసిగడుతుంది. సాయంత్రం స్నానం చేయించేటప్పుడు ఒళ్లంతా ఒకసారి చూసుకోవడం, డైపరు ఎంతసేపటికి మార్చిందో ఒరిపిడి మచ్చలను బట్టి తెలుసుకోవడం కూడా ఈ కోవలోనివే. కానీ ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో పక్క ఫ్లాటు వారి పేరు కూడా తెలియని కుటుంబాలకు ఈ సలహా అక్కరకు రాదు.

మిగిలింది చెప్పి పెట్టే కెమెరా. నా మొగ్గు దీనివైపే. అయితే చెడ్డ ఆయాను పట్టుకోవడం కన్నా మంచి ఆయాను నిలుపుకోవడం ముఖ్యమని నేననుకుంటాను కనుక, కెమెరా ఉందా లేదా అన్నదాని కన్నా దానిని ఎలా వాడుతున్నారన్నదే ఇందులో తేల్చే విషయం. రెండేళ్లు నిండకముందే ముగ్గురు ఆయాల చేతులు మారిన బిడ్డకు జరిగే నష్టం ఏ రికార్డింగులోనూ కనిపించదు.

ఎం.ఆర్.పల్లిలో నాకు తెలిసిన ఇంట్లో జరిగినది చెబుతాను. చంద్రగిరి వైపు నుంచి షేర్ ఆటోలో వచ్చే ఒక పెద్దావిడ పాపకు రాగిజావ తినిపిస్తున్నది. ఆఫీసులో ఉన్న తల్లి ఫోనులో చూస్తూ, కెమెరా స్పీకరులోంచి ‘అవ్వా, ఇంకో రెండు స్పూన్లు పెట్టు, గిన్నెలో అట్లే ఉండాదే’ అన్నది. పాప ఉలిక్కిపడి అమ్మ గొంతు వచ్చిన అలమర వైపు తిరిగి, అక్కడ అమ్మ కనబడక, నోట్లోని జావ కక్కేసి ఏడుపు అందుకుంది. మరుసటి రోజు నుంచి ఆ పెద్దావిడ కెమెరాకు వీపు పెట్టి తినిపించడం మొదలుపెట్టింది. తల్లికి అది దాపరికంగా తోచింది. ఆ పెద్దావిడకు అది మర్యాద దక్కించుకోవడం. నెలాఖరుకు జీతం తీసుకుని మానుకున్నది. ‘చూసుకోండమ్మా, నాకేం భయం? పైనుంచి అరవడం మాత్రం వద్దు’ అని వెళ్లేటప్పుడు చెప్పిన మాట ఈ చర్చలో నేను విన్న వాదనలన్నిటికన్నా సూటిగా ఉంది.

కాబట్టి స్పీకరును వాడకండి, చెప్పవలసింది ఉంటే ఆమెకు ఫోను చేయండి. మైకును కూడా ఆపివేయమనే నా సలహా, ఎందుకంటే ఆమె మధ్యాహ్నం తన కూతురితో మాట్లాడుకునే ఇంటి గొడవలు మనం వినవలసినవి కావు. కెమెరాను బిడ్డ ఆడుకునే హాలులో మాత్రమే అమర్చి, మొదటి రోజే ఫోను ఆమె చేతికిచ్చి ఏం కనిపిస్తుందో చూపించాలి. ఎవరెవరు చూస్తారో కూడా చెప్పాలి. బెంగళూరులోని బావమరిదికీ చెన్నైలోని పెద్దనాన్నకూ లాగిన్ ఇచ్చుకుంటూ పోయే ఇళ్లు ఉన్నాయి, అది తగదు. కెమెరాతో వచ్చిన పాస్‌వర్డును ఆ రోజే మార్చకపోతే మన హాలును మనకు తెలియనివారు కూడా చూడగలరు. రాత్రులు కూడా ఉండే ఆయా అయితే ఆమె పడుకునే చోట కెమెరా ప్రసక్తే ఉండకూడదు. యజమాని ఇంట్లో నివసించే పనివారికి ఏకాంతాన్ని గౌరవించే వసతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లోనే 189వ ఒడంబడికలో రాసుకుంది, మన దేశం దానిని ఆమోదించకపోయినా. కరెంటు పోతే రౌటరు, కెమెరా రెండూ ఆగిపోతాయన్నది గుర్తుంచుకోండి, ఆయానే స్విచ్ ఆపిందని అనుమానించిన ఇల్లు కూడా నాకు తెలుసు.

చెప్పి పెట్టిన కెమెరా వల్ల ఆయాకూ మేలుంది. బిడ్డ నడక నేర్చేటప్పుడు పడి నుదురు బొప్పి కట్టినా, బిడ్డ చేతి కడియం కనిపించకుండా పోయినా మొదటి అనుమానం ఆమె మీదికే వెళ్తుంది; అలాంటప్పుడు ఆమె పక్షాన సాక్ష్యం చెప్పేది ఆ కెమెరాయే. రహస్య కెమెరాకు ఈ ఉపయోగం లేదు, అది ఉన్నదని తెలియని మనిషి దానిని చూడమని అడగలేదు కదా.

డే కేర్ గురించి కూడా కొందరు అడిగారు. 50 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని ఆ 2017 సవరణే చెప్పింది. మీ కంపెనీలో ఉంటే వెళ్లి చూడండి. బిడ్డ ఏడుపును మాత్రమే వినిపించే బేబీ మానిటరు పక్క గదిలో ఉన్నవారికి పనికొస్తుంది, ఉద్యోగానికి వెళ్లినవారికి కాదు.

రికార్డింగు విషయంలో ఒక జాగ్రత్త. వ్యక్తిగత, గృహ అవసరాలకు వాడే సమాచారాన్ని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మినహాయించింది కానీ, ‘ఈ ఆయాను పెట్టుకోకండి’ అంటూ అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో వీడియో పెట్టడాన్ని గృహ అవసరమనలేము. నిజంగా బిడ్డకు హాని జరిగినట్టు కనిపిస్తే ఆ ముక్కను కత్తిరించి పంచకుండా వెంటనే మెమరీ కార్డు తీసి భద్రపరచాలి, లేకపోతే కొద్ది రోజులలో పాతదాని మీద కొత్తది రికార్డయిపోతుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు గానీ పోలీసులకు గానీ ఫిర్యాదు చేయవచ్చు. తన సంరక్షణలో ఉన్న బిడ్డను హింసించినవారికి 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది. కోర్టులో ఆ వీడియో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి, దానికి కార్డు ఉన్నది ఉన్నట్టుగా ఉండటం అవసరం.