వెడల్పు పాదానికి ఏ లేసు మేలు: అడ్డగీతలా, కింది కన్నం వదిలేయడమా?

మా పర్లాకిమిడి బజారులో బూట్లు కొనబోతే నంబరు అడుగుతారు గానీ వెడల్పు ఎవరూ అడగరు. నా పాదానికి పొడవు చూస్తే 8 సరిపోతుంది, వెడల్పు చూస్తే చాలదు. అందుకని ఏళ్ల తరబడి 9 కొనుక్కుని, నడిచినప్పుడల్లా మడమ జారుతుంటే సర్దుకుపోయాను. లేసు మార్చి చూద్దామన్న ఆలోచనే రాలేదు.

దుకాణంలో లేసు ఇంటూ గుర్తులా వేసిస్తారు. పైన ఒక్క లాగు లాగితే కింది దాకా బిగుస్తుంది. సన్నపాదానికి అది చాలా బాగుంటుంది. మనకు మాత్రం బొటనవేలి మొదలు నుంచి చిటికెన వేలి మొదలు దాకా, అంటే పాదం అన్నిటికంటే వెడల్పుగా ఉన్న చోటే, పట్టకారు పెట్టినట్టు నొక్కుతుంది.

అడ్డగీతల పద్ధతిలో లేసు నిచ్చెన మెట్లలా పోతుంది. మీగాలి మీద లేసులు ఒకదానిమీదొకటి పడవు కాబట్టి మీగాలు ఎత్తుగా ఉన్నవాళ్లకు హాయి. కన్నాలు 6 జతలుంటే రెండు కొసలూ పైకి చక్కగా వస్తాయి, 7 జతలైతే ఎక్కడో ఒకచోట సర్దాలి. పైగా వరస వరసా వేలితో లాగి బిగించుకోవాలి. పొద్దున్నే గుణుపురం బండికి పరుగెత్తేవాడికి అంత ఓపికేదీ?

నా ఓటు కింది కన్నం వదిలేయడానికే. లేసు మొత్తం విప్పి, అట్టడుగు జత వదిలేసి, రెండో జత నుంచి మామూలుగా ఎక్కించండి, అంతే. ముందు భాగం కాస్త తెరుచుకుంటుంది, వేళ్లు విప్పారతాయి. బిగించడం పాత అలవాటే.

అతి చేస్తే మాత్రం తిప్పలే. ఒక శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కుతూ రెండు జతలు వదిలేశాను. శిఖరం 1,501 మీటర్లు. ఎక్కేటప్పుడు స్వర్గంలా ఉంది. దిగేటప్పుడు పాదం ముందుకు జారి బొటనవేలి గోరు నల్లబడింది. మా బావ నవ్వాడు: "వదులు చేసుకోమన్నాను గానీ బ్రేకులు పీకేయమన్నానేటి బావా?"

విరుగుడు పైనే ఉంది. కింద ఎంత వదులు చేస్తే పైన అంత పట్టు ఉండాలి. చివరి రెండు కన్నాల మధ్య ఏ పక్క లేసుతో ఆ పక్కే చిన్న ఉచ్చు వేసి, ఎదుటి కొసను అందులోంచి దూర్చి లాగితే మడమ కదలదు. కింద మిగిలిన లేసు దీనికి పనికొస్తుంది.

బూటు అడుగే ఇరుకైతే ఏ లేసూ కాపాడదు. లోపలి అట్ట తీసి నేల మీద పెట్టి దానిమీద నిలబడండి. వేళ్లు అంచు దాటి బయటికొస్తుంటే ఆ జోడు వద్దు. కొనడానికి సాయంత్రం వెళ్లండి, రోజంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది.

నాకు ఎడమ పాదమే ఎక్కువ వెడల్పు. అందుకని ఎడమ బూటుకే ఒక జత వదులుతాను, కుడిదానికి మామూలు లేసే. "ఒకటి మర్చిపోయారు మాస్టారూ" అని రైల్లో ఇప్పటికీ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు.