ఏసీ ఔట్‌డోర్ యూనిట్ బిగించుకుంటున్నారా? బోల్టులు చూడకుండా, పని పూర్తయిందని ఫోన్‌కు వచ్చే హ్యాపీ కోడ్ చెప్పకండి

హన్మకొండ, వరంగల్, కాజీపేట వైపు ఈ ఎండాకాలం కొత్త ఏసీ కొంటున్న అందరికీ ఈ హెచ్చరిక. ఏసీ ఏ కంపెనీది, ఎన్ని స్టార్లు, కాయిల్ రాగిదా అల్యూమినియందా అని షోరూమ్‌లో అన్నీ అడుగుతాం. ఔట్‌డోర్ యూనిట్‌ను మన గోడకు ఎవరు బిగిస్తారు, దేనితో బిగిస్తారు అన్నది మాత్రం అక్కడ ఎవరూ మాట్లాడరు. మా ఇంట్లో బిగించిన యూనిట్ రెండో అంతస్తు గోడ నుంచి ఊడి సందులో పడే స్థితికి వచ్చింది. ఆ సందులో సాయంత్రం పూట పిల్లలు సైకిళ్లు తొక్కుతారు. ఎదురింటి పెద్దమ్మ చూసి, "బిడ్డా, మీ డబ్బా గాలికి ఊగుతున్నది, ఒకసారి చూడు" అని కేక వేయబట్టి సరిపోయింది.

ఏసీ కొన్నది నగరంలోని ఒక పెద్ద షోరూమ్‌లో. ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్. "ఇన్‌స్టలేషన్ ఫ్రీ" అన్నారు. తీరా ఫిట్టింగ్ వాళ్లు వచ్చాక స్టాండ్‌కు వేరే, అదనపు రాగి పైపుకు అడుగు చొప్పున వేరే, గోడకు రంధ్రం వేసినందుకు వేరే. డబ్బు సంగతి పక్కన పెడదాం, అది అందరికీ తెలిసిందే. అసలు సంగతి గోడ.

మాది లైట్ వెయిట్ బ్లాకులతో, అంటే ఇటుకకు బదులు వాడే తేలికపాటి సిమెంటు బ్లాకులతో కట్టిన ఇల్లు. ఇప్పుడు సుబేదారి, నయీంనగర్, హంటర్ రోడ్ వైపు కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్లలో చాలావాటికి ఇవే వాడుతున్నారు. ఫిట్టింగ్‌కు వచ్చిన ఇద్దరు కుర్రాళ్లకు ఈ మాట ముందే చెప్పాను. పెద్దవాడు డ్రిల్ పెడితే పిండిలోకి దిగినట్టు దిగింది. "గోడ మెత్తగా ఉంది కదా, పక్కన బీమ్ ఉంది, దానికి పెట్టండి" అన్నాను. "పైపు సరిపోదక్కా. ఏం కాదు, ఊరంతా ఇట్లనే పెడుతున్నం" అని, ఎర్ర ఇటుక గోడకు వాడే ఫాస్ట్‌నర్లే (గోడ లోపల విచ్చుకునే బోల్టులు) కొట్టి నట్లు బిగించారు. ఇంకా మూడు ఇళ్లకు పోవాలని తొందర. పాపం వాళ్లకు నడుముకు బెల్టు లేదు, తాడు లేదు. కిటికీలోంచి సగం బయటికి వంగి పని చేస్తుంటే నాకు కాళ్లు వణికాయి. మా ఇంట్లో ఉన్న తాడే ఇచ్చి కట్టుకోమన్నాను. ఇంటింటికి ఇంత అని లెక్కగట్టి పంపే ఏజెన్సీ వాళ్లకు ఒక బెల్టు కొనివ్వలేదంటే, మన గోడ గురించి ఏం ఆలోచిస్తుంది?

ఏప్రిల్‌లో మన దగ్గర సాయంత్రం పూట గాలిదుమారం లేచి వాన కొట్టడం మామూలే. అలాంటి ఒక గాలికే పైన ఉన్న రెండు బోల్టులు వేలు మందం బయటికి వచ్చాయి. స్టాండ్ ముందుకు వాలింది. తెలిసిన మెకానిక్‌ను పిలిపించి, తాళ్లు కట్టి యూనిట్‌ను దించిన తర్వాత గోడలో ఉన్నది చూస్తే నోట మాట రాలేదు. ఫాస్ట్‌నర్ పొడవులో చాలా భాగం బయటి ప్లాస్టరింగ్‌లోనే ఉంది. లోపల బ్లాకు పొడిపొడి అయి రంధ్రం వదులైపోయింది. ఒక బోల్టుకు వాషర్ లేదు. యూనిట్‌కు నాలుగు కాళ్లు ఉంటే రెండింటికే నట్లు ఉన్నాయి, మిగతా రెండు ఊరికే స్టాండ్ మీద ఆనించి పెట్టారు.

ఇందులో ప్రమాదం ఎక్కడుందో అర్థం చేసుకోవాలి. ఒకటిన్నర టన్ను ఔట్‌డోర్ యూనిట్ సుమారు 25 నుంచి 35 కిలోలు ఉంటుంది. ఆ బరువు గోడ మీద నేరుగా కిందికి పడదు, గోడకు ఎడంగా స్టాండ్ మీద వేలాడుతుంది. అందుకే కింది బోల్టుల దగ్గర స్టాండ్ గోడను నొక్కుతుంది, పై బోల్టులను మాత్రం బయటికి లాగుతుంది. పైగా కంప్రెసర్ ఒక పక్కనే ఉంటుంది కాబట్టి ఆ పక్క బోల్టు మీద భారం ఎక్కువ. దానికి తోడు రాత్రంతా సన్నని అదురు. ఫాస్ట్‌నర్ పనిచేసేది లోపల విచ్చుకుని చుట్టూ ఉన్న గట్టిదనాన్ని పట్టుకోవడం వల్ల. కాంక్రీటులో, మంచి ఇటుకలో అది పట్టుకుంటుంది. లైట్ వెయిట్ బ్లాకులో విచ్చుకుంటే చుట్టూ ఉన్నదాన్ని నలిపేస్తుంది. బిగించిన రోజు గట్టిగానే ఉన్నట్టు కనిపిస్తుంది, అదే మోసం.

2024 ఆగస్టులో ఢిల్లీ కరోల్ బాగ్‌లో రెండో అంతస్తు నుంచి ఏసీ ఔట్‌డోర్ యూనిట్ మీద పడి, కింద స్కూటర్ మీద కూర్చున్న 18 ఏళ్ల అబ్బాయి చనిపోయాడు. ఆ వీడియో అప్పట్లో చాలామంది చూసే ఉంటారు. మన సందులు అంతకంటే వెడల్పేమీ కాదు.

మరి ఎట్లా బిగించాలి? మీ గోడ దేనిదో ముందు మేస్త్రీని గానీ బిల్డర్‌ను గానీ అడిగి తెలుసుకోండి. దగ్గరలో పిల్లర్, బీమ్ ఉంటే దానికే. పది అడుగుల పైపు అదనంగా పట్టినా పట్టనివ్వండి. అది కుదరకపోతే బ్లాకు గోడకు ఆర్‌పార్ రంధ్రం వేసి, పొడవు బోల్టు దూర్చి, లోపలి వైపు ఇనుప ప్లేటు పెట్టి బిగించాలి. లేదంటే గమ్ములా గట్టిపడే కెమికల్ యాంకర్ వాడాలి. ప్లాస్టిక్ గిట్టీలు, స్క్రూలు తీస్తే వెంటనే ఆపండి, అవి ఫొటో ఫ్రేములకు పనికొస్తాయి. నాలుగు అంగుళాల పిట్టగోడకు అస్సలు వేలాడదీయనివ్వకండి. స్టాండ్ పెయింట్ వేసిన పలుచని రేకు కాకుండా, తుప్పు పట్టకుండా జింక్ పూత ఉన్న గట్టిది అడగండి. డాబా దగ్గరే ఉంటే అన్నిటికంటే మంచిది నేల మీద స్టాండ్. మేం చివరికి అదే చేశాం. పైపు ఖర్చు పెరిగింది, నిద్ర పడుతోంది.

సజ్జ మీద పెట్టిస్తామంటే ఒక్కసారి ఆలోచించండి. రేపు సర్వీసుకు వచ్చే మనిషి ఎక్కడ నిలబడతాడు? అతను నిలబడలేని చోట యూనిట్ పెట్టడం తప్పు. అతనికీ ఇంట్లో ఎదురుచూసేవాళ్లు ఉంటారు.

ఇక గ్యాస్ సంగతి. యూనిట్ దించినప్పుడు ఇంకొకటి బయటపడింది. మా ఏసీలో ఉన్నది ఆర్32 గ్యాస్. కొత్త పైపులు కలిపాక లోపలి గాలిని, తేమను వాక్యూమ్ పంపుతో లాగేసి, ప్రెజర్ చూపించే గేజ్‌లో ముల్లు కదలకుండా నిలబడిందో లేదో చూసి, తర్వాతే వాల్వు తెరవాలి. దీనికి కనీసం పావుగంట, అరగంట పడుతుంది. మా ఇంట్లో అడిగితే "పంపు ఇంకో బండిలో ఉందక్కా" అని, ఒక నట్టు కొంచెం వదులు చేసి గ్యాస్‌తోనే గాలిని బయటికి తోసి బిగించేశారు. ఇట్లా చేస్తే కొంత గ్యాస్ అక్కడే పోతుంది. గాలి, తేమ లోపలే మిగిలితే ప్రెజర్ పెరుగుతుంది, ఆయిల్ పాడవుతుంది, కంప్రెసర్ ఆయుష్షు తగ్గుతుంది. ఆర్32 కొద్దిగా మండే గుణం ఉన్న గ్యాస్ కూడా. ఇల్లు మారేటప్పుడు గ్యాస్‌ను ఔట్‌డోర్‌లోకి లాగే పనిలో లోపలికి గాలి చేరితే కంప్రెసర్ పేలిన ప్రమాదాలు ఉన్నాయి. పంపు తేకపోతే ఆ రోజు పని వద్దనండి, మరుసటి రోజు రమ్మనండి. జాయింట్ల దగ్గర సబ్బు నురుగు పెట్టించి చూడండి. మాకు పైపును కలిపే ఒక నట్టు (ఫ్లేర్ నట్) దగ్గర బుడగలు వచ్చాయి. కొత్త ఏసీ అర్ధరాత్రికి చల్లబడటం లేదేమిటని అనుకుంటున్నాం, కారణం అది.

స్థలం కూడా ముఖ్యమే. మే నెలలో మన దగ్గర ఎండ 44, 45 డిగ్రీలు పోతుంది. యూనిట్ వదిలిన వేడి గాలి గోడకు తగిలి మళ్లీ దానిలోకే వెళ్తే, బిల్లు పెరుగుతుంది, గది చల్లబడదు. వెనక ఎంత, ముందు ఎంత ఖాళీ ఉండాలో మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. అది ఫిట్టింగ్ వాళ్ల ముందే తెరిచి చూపించండి. కరెంటుకు ప్రత్యేక లైను, సరైన ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్), ఎర్తింగ్ తప్పనిసరి. బయట వైరుకు మధ్యలో టేపు చుట్టిన అతుకు ఉండకూడదు, వానకు అదే షాక్ కొడుతుంది. హన్మకొండలో కోతుల సంగతి చెప్పనక్కర్లేదు. పైపు మీది నల్ల ఫోమ్‌ను పీకి పారేస్తాయి, వైర్లు లాగుతాయి. పైపులు, వైరు కలిపి పీవీసీ గొట్టంలో వేయించడం మంచిది.

ఫిర్యాదు చేస్తే జరిగిందేమిటో వినండి. షోరూమ్ వాళ్లు "ఫిట్టింగ్ మాది కాదు, కంపెనీది" అన్నారు. కంపెనీ కస్టమర్ కేర్ "మీరు హ్యాపీ కోడ్ ఇచ్చారు, మా రికార్డులో పని బాగా జరిగినట్టు ఉంది" అంది. ఆ కోడ్ సంగతి అందరికీ తెలియాలి. పని పూర్తయిందని మన ఫోన్‌కు వచ్చే నంబర్ అది. మా దగ్గర దాన్ని పని మొదట్లోనే, "కంప్లయింట్ ఓపెన్ కావాలంటే కావాలి" అని చెప్పి తీసుకున్నారు. చివరి నట్టు బిగించి, గేజ్ చూపించి, స్టాండ్‌ను చేత్తో పట్టి ఊపినా కదలలేదని తేలిన తర్వాతే ఆ నంబర్ చెప్పండి. ఎంత బతిమాలినా సరే.

మేం ఫొటోలు, వీడియోలు, బిల్లులు పెట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయించాం. ఆ తర్వాతే కంపెనీ నుంచి సూపర్‌వైజర్ వచ్చాడు. గ్యాస్ ఉచితంగా నింపారు, స్టాండ్ డబ్బులు వెనక్కి ఇచ్చారు. అదనపు పైపు, మళ్లీ బిగించిన ఖర్చు ఇంకా ఇవ్వలేదు. ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. 5 లక్షల లోపు విలువకు అక్కడ ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. మీరూ వెళ్లాల్సి వస్తే పాత బోల్టులు పారేయకండి, ఒక కవర్‌లో వేసి దాచండి.

ఇప్పటికే ఏసీ ఉన్నవాళ్లు రేపు పొద్దున వెలుతురులో కింద నిలబడి మీ యూనిట్‌ను ఒకసారి చూడండి, కానీ సరిగ్గా దాని కింద నిలబడకండి. స్టాండ్ పై భాగానికి, గోడకు మధ్య సందు కనిపించినా, బోల్టు చుట్టూ ప్లాస్టరింగ్ పగిలినా, నడుస్తున్నప్పుడు గడగడమన్నా ఏసీ ఆపేసి, కింద ఎవరూ తిరగకుండా ఏదైనా అడ్డం పెట్టి, మెకానిక్‌ను పిలవండి. మీరే కిటికీలోంచి వంగి నట్టు బిగించే ప్రయత్నం మాత్రం చేయకండి.